క్రాస్ రోడ్స్ తీర్పు, జ్యూరీ తీర్పు



బర్కత్‌పుర చమన్ దగ్గర బయల్దేరి, నారాయణగూడ చౌరస్తా దాటి, చిక్కడపల్లి మీదుగా నింపాదిగా నడుచుకుంటూ పోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వస్తుంది. సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్లున్న చోటు అది. పెద్ద హీరో సినిమా విడుదలైన రోజున అక్కడ కటౌట్లకు పాలాభిషేకాలు జరుగుతాయి, డప్పులు మోగుతాయి, చింపిన కాగితం ముక్కలు రోడ్డంతా ఎగురుతాయి. సినిమా వ్యాపారంలో ఉన్నవాళ్ళూ, అభిమానులూ ఒకే మాట అడుగుతారు: క్రాస్ రోడ్స్‌లో ఎంత చేసింది? ఏ సినిమా ఏ హాల్లో ఎన్ని రోజులాడింది, మొదటి వారం ఎంత వసూలు చేసింది అన్న లెక్కలను ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పగలిగేవాళ్ళు ఈ చుట్టుపక్కల వీధుల్లో కొదవలేదు. జనం తీర్పు తెలుసుకోవడానికి హైదరాబాద్‌లో ఇంతకంటే పేరున్న చోటు లేదు. ఆ తీర్పుకూ, ప్రభుత్వాలు వేసే జ్యూరీలు ఇచ్చే తీర్పుకూ మధ్య ఉన్న దూరం గురించి ఇవాళ మాట్లాడదలచుకున్నాను.

అవార్డులు ప్రకటించిన ప్రతిసారీ రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. జనం నెత్తిన పెట్టుకున్న సినిమాను వదిలేసి ఎవరూ చూడని సినిమాకు ఇచ్చారన్నది ఒకటి. అందరికీ తెలిసిన హిట్ సినిమాకే ఇచ్చారు, దానికి జ్యూరీ దేనికన్నది రెండోది. చాలాసార్లు ఒకే మనిషి ఒకే సాయంత్రం ఈ రెండూ అంటాడు. నా దృష్టిలో మొదటి ఫిర్యాదుకు మనం అవసరానికి మించి విలువ ఇచ్చాం. దాన్ని విని విని మన అవార్డులు జంకాయి. జనం తీర్పుకు, జ్యూరీ తీర్పుకు మధ్య కొంత దూరం ఉండి తీరాలి. ఆ దూరం లేకపోతే అవార్డు చేసే పనేమీ మిగలదు. అయితే దూరాన్ని అలాగే వదిలేయడం కూడా తప్పే. జ్యూరీ మెచ్చిన సినిమాను జనం దగ్గరకు చేర్చే పూచీ అవార్డు ఇచ్చినవాళ్ళదే. ఇక్కడే మనం అరవై ఏళ్ళుగా తప్పుతున్నాం.

ముందు ‘నామినేషన్’ అన్న మాట సంగతి చూద్దాం. ఆస్కార్లలో నామినేషన్ అంటే ఆ రంగంలో పనిచేసేవాళ్ళు ఓట్లు వేసి తేల్చిన చిన్న జాబితా. ఎడిటింగుకు ఎడిటర్లు, నటనకు నటులు. ఆ జాబితాలోకి ఎక్కడమే ఒక గౌరవం. మన దగ్గర అదే మాటకు అర్థం వేరు. 2024 సినిమాలకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన మొదటి గద్దర్ అవార్డులకు 1,248 నామినేషన్లు వచ్చాయని వార్తల్లో చదివాం. ఆ నామినేషన్లన్నీ దరఖాస్తులే. నిర్మాతలూ, కళాకారులూ తమంతట తాము పంపుకున్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన నంది అవార్డుల కాలంలోనూ ఇదే పద్ధతి. దరఖాస్తు పెట్టని సినిమా ఎంత గొప్పదైనా జ్యూరీ ముందుకు రాదు. ఆడక అప్పుల్లో మునిగి, ఆఫీసు మూసేసుకున్న చిన్న నిర్మాతకు దరఖాస్తు నింపి పంపే ఓపిక ఎక్కడిది? అందుకే జ్యూరీ అభిరుచిని తిట్టేముందు జ్యూరీ ముందుకు ఏ సినిమాలు వచ్చాయో అడగాలి. ఇంకో మెలిక కూడా ఉంది. అవార్డు ఏడాదిని విడుదల తేదీతో కాకుండా సెన్సార్ సర్టిఫికెట్ తేదీతో లెక్కిస్తారు. 2017 సంక్రాంతికి జనం చూసిన ‘శతమానం భవతి’ 2016 సినిమాల్లో లెక్కకొచ్చి, సర్వజనరంజక చిత్రంగా జాతీయ అవార్డు తీసుకుంది. జనం జ్ఞాపకంలో ఉన్న ఏడాది ఒకటి, ఫైళ్ళలో ఉన్న ఏడాది ఒకటి. సగం గొడవలు ఇలాంటి చోటే పుడతాయి.

దీన్నిబట్టి గొడవలన్నీ పద్ధతి గొడవలేనని నేను అనడం లేదు. అభిరుచి తేడా నిజంగా ఉంది. అది జ్యూరీకీ జనానికీ మధ్యే కాదు, జ్యూరీకీ జ్యూరీకీ మధ్య కూడా ఉంది. 2015 సంవత్సరాన్ని తీసుకోండి. ఢిల్లీలో జాతీయ అవార్డుల జ్యూరీ ‘బాహుబలి: ది బిగినింగ్’ను ఆ ఏడాదికి దేశంలోనే ఉత్తమ చిత్రం అంది. ఒక తెలుగు సినిమాకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అదే జాబితాలో తెలుగు భాషలో ఉత్తమ చిత్రంగా క్రిష్ తీసిన ‘కంచె’ ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014, 2015, 2016 సంవత్సరాల నందులను 2017 నవంబర్‌లో ఒకేసారి ప్రకటించినప్పుడు 2015కు మళ్ళీ ‘బాహుబలి’నే ఉత్తమ చిత్రం చేసింది. ‘రుద్రమదేవి’ని పట్టించుకోలేదని దర్శకుడు గుణశేఖర్ బహిరంగ లేఖ రాశారు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి, గద్దర్ అవార్డుల్లో పాత సంవత్సరాలకు ఉత్తమ చిత్రాలు ఎంచినప్పుడు, అదే 2015కు ‘రుద్రమదేవి’ మొదటి స్థానంలో నిలిచింది. సినిమాలు అవే, ఏడాదీ అదే. ఎంచిన మనుషులు మారారు, ప్రభుత్వాలు మారాయి, తీర్పు మారింది. దీన్ని చూసి జ్యూరీలన్నీ బూటకం అనేయడం తేలిక. నాకు కనిపించింది వేరే సంగతి. మూడు తీర్పులూ సమర్థించుకోదగ్గవే, కానీ ఎందుకు ఎంచారో మనకు సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. జాతీయ అవార్డుల ప్రకటనలో సినిమా పేరు పక్కన ఒకటి రెండు వాక్యాల మెప్పు అయినా ఉంటుంది. రాష్ట్ర అవార్డుల రోజున మనకు వినిపించేది పేర్ల జాబితా. కారణం చెప్పని తీర్పుకు జనం తమకు తోచిన కారణాన్ని అంటగడతారు: కులం, పార్టీ, పరిచయం. ఆ అనుమానం నిజమా అబద్ధమా అన్నది తర్వాతి మాట. దానికి చోటిచ్చింది జ్యూరీల మౌనమే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. జ్యూరీ పొరపాటు పడుతుంది, కాలం గడిచాక జనమే నెగ్గుతారు, అలాంటప్పుడు జనం మాటే వినొచ్చు కదా అని. దీనికి ‘మాయాబజార్’ను మించిన సాక్ష్యం లేదు. 1957 మార్చిలో విడుదలైన ఆ సినిమాకు జాతీయ పురస్కారం రాలేదు. ఆ ఏడాది ఢిల్లీలో గుర్తింపు పొందిన తెలుగు చిత్రాల్లో ‘భాగ్యరేఖ’ ఉంది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి. ‘మాయాబజార్’ తీసిన విజయా సంస్థ అధినేతల్లో ఒకరైన నాగిరెడ్డి ఆయనకు స్వయానా తమ్ముడు. అన్న సినిమాను జ్యూరీ ఎంచింది, తమ్ముడి సినిమాను జనం ఎంచుకున్నారు. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండినప్పుడు ఒక జాతీయ టీవీ చానల్ జరిపిన ఓటింగులో దేశంలోని అన్ని భాషల సినిమాలనూ దాటి ‘మాయాబజార్’ మొదటి స్థానంలో నిలిచింది. ఘటోత్కచుడి భోజనం సన్నివేశం ఏ టీవీలో వస్తున్నా, పనిమీద బయటికి వెళ్తున్నవాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులేసుకుని కూడా ఆగి చూస్తారు. పళ్ళేలూ గంగాళాలూ వాటంతటవే కదిలివస్తుంటే, లడ్డూలు గాల్లో తేలి ఆ వేషం వేసిన రంగారావు గారి నోట్లోకి పోతుంటే, మనవడికి మొదటిసారి, తాతకు నలభయ్యోసారి, ఇద్దరి ముఖాల్లో అదే వెలుగు. ఇంత సాక్ష్యం ఉండగా జ్యూరీని సమర్థించడం ఎలా?

ఇలా. ‘మాయాబజార్’ విషయంలో నెగ్గిన జనం ఎవరు? అరవై ఏళ్ళపాటు మళ్ళీ మళ్ళీ చూసిన జనం. మొదటి శుక్రవారం నాటి జనం కాదు. ఈ ఇద్దరినీ కలిపేసి ‘జనాభిరుచి’ అని ఒకే పేరు పెట్టడంలోనే పొరపాటుంది. మొదటి రోజు టికెట్ కొన్నవాడు సినిమాను మెచ్చి కొనలేదు, ఇంకా చూడనేలేదు. హీరో మీద అభిమానంతో కొన్నాడు, పోస్టరు చూసి కొన్నాడు, పాటలు విని కొన్నాడు. 2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్ షో దగ్గర, ఇదే క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ ముందు తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది, ఆమె చిన్న కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ రాత్రి అక్కడ గుమిగూడిన వేలమందిలో సినిమా చూసినవాళ్ళు ఎవరూ లేరు. అంత పెద్ద గుంపు సినిమా బాగోగుల గురించి చెప్పింది ఒక్క ముక్క కూడా లేదు. అభిరుచి తెలిసేది మూడోవారం సోమవారం మ్యాటినీలో. కటౌట్ మీది దండ వాడిపోయి ఉంటుంది, డప్పులవాళ్ళు ఇంకో హీరో దగ్గరికి వెళ్ళిపోయి ఉంటారు, బుకింగ్ కౌంటర్ దగ్గర తోపులాట ఉండదు. అప్పుడు కూడా భోజనాలు కానిచ్చుకుని, పక్కింటావిడను తోడు తీసుకుని వచ్చి కూర్చున్న నూటయాభై మంది ఉంటారు చూడండి, వాళ్ళదీ అభిరుచి. వాళ్ళకు ఎవరో చెప్పారు, బాగుందని. ఆ చెప్పినవాళ్ళకు ఇంకెవరో చెప్పారు.

1980 ఫిబ్రవరి 2న విడుదలైన ‘శంకరాభరణం’ చరిత్ర ఇదే. కథానాయకుడు నడివయసు దాటిన సంగీత విద్వాంసుడు. ఆ వేషం వేసిన జె.వి. సోమయాజులు ప్రభుత్వోద్యోగి, డిప్యూటీ కలెక్టరు. స్టారు లేడు, ఫైటు లేదు. కొనడానికి డిస్ట్రిబ్యూటర్లు జంకారు. మొదటి రోజుల్లో హాళ్ళు పలచగానే ఉన్నాయి. తర్వాత నోటిమాట పాకింది, హాళ్ళు నిండాయి, తెలుగు రాని ఊళ్ళలో కూడా నిండాయి. జాతీయ అవార్డుల్లో ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన ఈ సినిమాకు జనాదరణా కళావిలువా రెండూ ఉన్న చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది. కె.వి. మహదేవన్‌కు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు కూడా అవార్డులొచ్చాయి. మొదటి వారం వసూళ్ళే జనాభిరుచికి కొలమానమైతే ‘శంకరాభరణం’ను జనం తిరస్కరించారని రాసుకోవాల్సి వచ్చేది. ఇప్పటి పరిస్థితిలో ఆ సినిమాకు రెండో వారం దొరుకుతుందా? శుక్రవారం సాయంత్రానికల్లా టాక్ తేలిపోయి, సోమవారానికి షోలు తగ్గించే ఈ రోజుల్లో, మూడోవారపు ప్రేక్షకుడు ఏర్పడేలోపే సినిమా హాలు దాటిపోతోంది. అందుకే జ్యూరీ అవసరం మునుపటికంటే ఇప్పుడే ఎక్కువ. మూడోవారం దాకా బతకలేని సినిమాకు మూడోవారపు ప్రేక్షకుడి చూపుతో చూసే మనుషులు కొందరైనా కావాలి.

మరి మన జ్యూరీలు ఆ పని చేస్తున్నాయా? గద్దర్ అవార్డుల్లో పాత సంవత్సరాలకు ఉత్తమ చిత్రాలుగా ఎంచినవాటిలో 2017కు ‘బాహుబలి 2’, 2019కి ‘మహర్షి’, 2020కి ‘అల వైకుంఠపురములో’, 2021కి ‘ఆర్ఆర్ఆర్’ ఉన్నాయి. 2024కు ‘కల్కి 2898 ఎ.డి.’. ఇవన్నీ సమర్థులు కష్టపడి తీసిన సినిమాలు, వీటిలో కొన్ని తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకునేవి. అయినా వీటి గురించి మనకు కొత్తగా తెలిసిందేమిటి? ఈ సినిమాలకు క్రాస్ రోడ్స్ ముందే అవార్డు ఇచ్చేసింది, హౌస్‌ఫుల్ బోర్డు రూపంలో. దాని కింద ప్రభుత్వం ముద్ర వేసింది, అంతే. పాత నందుల్లోనూ, జాతీయ అవార్డుల్లోనూ సర్వజనరంజక చిత్రం అని ఒక విభాగాన్ని విడిగా పెట్టిన ఆలోచన చాలా మంచిది. జనం మెచ్చినదాన్ని ఆ పేరుతోనే గౌరవించి, ఉత్తమ చిత్రం ఎంచే జ్యూరీ భుజాన ఆ భారం లేకుండా చేయడం దాని ఉద్దేశం. అమెరికాలో 2018 ఆగస్టులో ఆస్కార్ అకాడమీ జనాదరణ పొందిన చిత్రానికి కొత్త విభాగం పెడతామని ప్రకటించి, విమర్శలు రావడంతో నెల తిరక్కుండానే వాయిదా వేసుకుంది. వాళ్ళు తేల్చుకోలేకపోయిన చిక్కుకు మన దగ్గర 1970లలోనే ఒక దారి వేశారు. ఆ దారి ఉండగా ఉత్తమ చిత్రాన్ని కూడా వసూళ్ళ పట్టిక వైపు జరపడం, ఉన్న రెండు తలుపుల్లో ఒకదాన్ని మూసేయడమే.

భారీ సినిమా కళ కాదా, జనం చూసిందల్లా తక్కువా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ‘ఆర్ఆర్ఆర్’ ఉదంతం చూడండి. 2022లో ఆస్కార్‌కు భారతదేశం తరఫున పంపడానికి ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కమిటీ గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ను ఎంచింది. తెలుగునాట చాలామంది నొచ్చుకున్నారు. ‘ఆర్ఆర్ఆర్’ బృందం మామూలు విభాగాల్లో సొంతంగా పోటీకి దిగింది. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నారు. కమిటీ చెంప ఛెళ్ళుమందని అప్పట్లో చాలామంది సంబరపడ్డారు. కానీ ‘ఛెల్లో షో’ కూడా ఆ ఏడాది అంతర్జాతీయ చిత్రాల విభాగంలో చివరి పదిహేనింటి దాకా వెళ్ళింది. రైలు పట్టాల పక్కన పెరిగిన ఒక కుర్రవాడు ఫిల్ము మీద ప్రేమ పెంచుకునే చిన్న కథ అది. కమిటీ ఎంచకపోతే దాని పేరు మనలో ఎంతమందికి తెలిసేది? వందల కోట్ల సినిమాకు తన దారి తాను వేసుకునే శక్తి ఉంది, వేసుకుంది కూడా. చేయూత కావాల్సింది ఆ శక్తి లేనిదానికి. పెద్ద సినిమా తక్కువదని ఇందులో ఎక్కడా లేదు.

అయితే ప్రభుత్వం ఖర్చు పెట్టేది ప్రజల డబ్బు, ప్రజలు మెచ్చని సినిమాకు ప్రజల డబ్బుతో సన్మానమా అన్నది చివరి అభ్యంతరం. దీనికి జవాబు చిక్కడపల్లిలోనే ఉంది. అక్కడి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్ళి చూస్తే అశోక్‌నగర్ హాస్టళ్ళ నుంచి వచ్చిన యువతీయువకులు టిఫిన్ డబ్బాలు పక్కన పెట్టుకుని పోటీపరీక్షల పుస్తకాల్లో మునిగి ఉంటారు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి కావాల్సింది గ్రూప్స్ పుస్తకాలే. అంతమాత్రాన లైబ్రరీ కవిత్వం కొనడం మానేస్తే మనం ఒప్పుకుంటామా? ఏడాదికి ఇద్దరు ముగ్గురు తీసి చూసే పుస్తకాన్ని కూడా ప్రజల డబ్బుతో కొని, అట్ట వేసి, బీరువాలో భద్రంగా ఉంచడమే గ్రంథాలయం పని. బజారులో ఏది ఎక్కువ అమ్ముడుపోతుందో చెప్పడానికి కోఠీ పుస్తకాల దుకాణాలు చాలు.

కానీ గ్రంథాలయం ఇంకొకటి కూడా చేస్తుంది: అడిగినవాడికి పుస్తకం తీసి ఇస్తుంది. అవార్డులు ఇవ్వలేకపోయింది సరిగ్గా ఇదే. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’కి 1988 సంవత్సరానికి అయిదు జాతీయ అవార్డులొచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, నటి అర్చన, ఛాయాగ్రాహకుడు ఎ.కె. బీర్, కళాదర్శకుడు వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. గడీలో దాసీగా బతికిన ఒక ఆడమనిషి మౌనాన్ని అంత దగ్గరగా చూపిన తెలుగు సినిమా మరొకటి లేదు. తెలంగాణ పల్లె చరిత్రను చదువుకునే ప్రతివారూ చూడవలసినది. చూసినవాళ్ళు ఎందరు? అయిదు అవార్డులు ఇచ్చిన వ్యవస్థ ఆ సినిమాను అయిదు ఊళ్ళలో నిలకడగా ఆడించే ఏర్పాటు చేయలేదు. ‘ఎవరూ చూడని సినిమాకు అవార్డులు’ అన్న ఎగతాళి అలా పుట్టింది. తప్పు సినిమాది కాదు, ఎంచినవాళ్ళదీ కాదు. ఎంచాక చేతులు దులిపేసుకున్న పద్ధతిది. దీనికి ఎదురుగా 2023లో వేణు యెల్దండి తీసిన ‘బలగం’ ఉంది. థియేటర్లలో ఆడాక తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టి, జనం నేలమీద వరసగా కూర్చుని దాన్ని చూశారు. చావు ఇంట్లో కాకికి ముద్ద పెట్టే సన్నివేశానికి ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఏడ్చారు. గద్దర్ జాబితాలో 2023కు ఉత్తమ చిత్రం అదే. ఏ జ్యూరీ చెప్పకముందే ఊళ్ళు తెర కట్టుకున్నాయంటే, తెర కట్టడం అసాధ్యం కాదన్నమాటే కదా.

కాబట్టి అడగాల్సింది జనం మెచ్చినదానికే అవార్డు ఇవ్వమని కాదు. ఎందుకు ఎంచారో జ్యూరీ ఒక పేజీ రాసి బయటపెట్టాలి. వారాల తరబడి చీకటి గదిలో రోజుకు రెండు మూడు సినిమాలు చూసి, వాదించుకుని, ఒక మాట మీదికి వచ్చినవాళ్ళకు ఆ పేజీ రాయడం కష్టమేమీ కాదు. ఒప్పుకోనివాళ్ళు ఆ పేజీతోనే పోట్లాడతారు, మనుషుల కులంతోనో పార్టీతోనో కాదు. దరఖాస్తు రాని సినిమాలను కూడా తమంతట తాము పిలిపించుకునే హక్కు జ్యూరీకి ఉండాలి. ప్రకటన వచ్చిన నెలలోపే ఎంపికైన చిన్న సినిమాలను ప్రతి జిల్లా కేంద్రంలో ఒక వారం, ఒక్క ఆట చొప్పున, తక్కువ టికెట్‌తో ఆడించాలి. సన్మాన సభ పెట్టే ఖర్చులో కొంత మిగిల్చినా ఈ పని సాగుతుంది.

2024 గద్దర్ అవార్డుల్లో రెండో ఉత్తమ చిత్రం ‘పొట్టేల్’. పటేళ్ళ పెత్తనం కింద ఉన్న ఊళ్ళో గొర్రెలు కాచుకునే తండ్రి, కూతురిని బడికి పంపడం కోసం పడే పాట్లు ఆ కథ. ఉత్తమ నటి నివేదా థామస్, ‘35 చిన్న కథ కాదు’లో లెక్కల్లో తప్పుతున్న కొడుకు పక్కన కూర్చుని తాను కూడా చదవడం మొదలుపెట్టే తల్లి వేషానికి. ఈ రెండింటినీ ఎంచిన జ్యూరీకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఇవి ఎవరి కథలో వాళ్ళు అశోక్‌నగర్‌లో, నలుగురికో గది చొప్పున అద్దెకుంటున్నారు. నాన్న పంపిన డబ్బులు నెలాఖరుకు సరిపెట్టుకుంటూ, ఆదివారం సాయంత్రం పుస్తకం మూసి, పది నిమిషాలు నడిచి క్రాస్ రోడ్స్‌కు వస్తారు. వాళ్ళు వచ్చే వేళకు అక్కడ ఒక హాల్లో ‘పొట్టేల్’ ఆడుతూ ఉండాలి.